చతురంగ సంఖ్య: పద్యపాఠ నిర్ణయంలో గణితం, ఛందస్సు

చదరంగంలో మొదటి గడికి ఒకటి, రెండవ గడికి రెండు, మూడవ గడికి నాలుగు చొప్పున రెట్టిస్తూ పోతే 64 గడుల మొత్తం 18446744073709551615 అవుతుంది. ఈ ఇరవై అంకెలను భూతసంఖ్యలతో చెప్పిన చంపకమాల పావులూరి మల్లన పేరిట సుప్రసిద్ధం. మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని తెలుగు చేసిన మల్లన 11వ శతాబ్ది వాడన్నది ఎక్కువమంది అంగీకరించిన అభిప్రాయం. దాదాపు అదే కాలంలో అల్‌బిరూనీ కూడ ఈ మొత్తాన్నే గణించాడు. అయితే తెలుగు కవి దానిని పద్యంలో బంధించాడు. ఈ పద్యాన్ని చమత్కారంగా ఉదాహరించి వదలివేయడం పరిపాటి. నిజానికి పాఠపరిష్కర్తకు ఇది విలువైన సాక్ష్యం.

భూతసంఖ్యలో అంకెలు ఒకట్ల స్థానం నుండి ఎడమకు నడుస్తాయి. ఈ సంఖ్యలో నాలుగు నాలుగుసార్లు వస్తుంది. అబ్ధి, వేద, పయోనిధి, పద్మజాస్య అని నాలుగు వేర్వేరు పదాలు పడ్డాయి. పునరుక్తమైన పదం ‘శర’ ఒక్కటే. రెట్టింపుతోనే పుట్టిన సంఖ్యలో రెండు అనే అంకె లేకపోవడం ఒక వింత. కనుక లేఖకుడు ‘అగ్ని’కి బదులు ‘అక్షి’ అని వ్రాస్తే గణాలు చెడవు గాని లెక్క చెడుతుంది. సరియైన అంకెల మొత్తం 87. అది 86కు దిగి, సంఖ్య మూడుతో భాగింపబడదు. ఇక్కడ దోషాన్ని పట్టేది గణితమే.

లెక్క పట్టలేని దోషాలు మరికొన్ని. ‘సాయక’కు మారుగా ‘మార్గణ’ అన్నా విలువ అయిదే, గురులఘువులూ అవే. కాని పదకొండవ అక్షరం పాదాదిలోని శకారంతో యతి కలపాలి; ‘మా’ కలపదు. రెండవ పాదంలో ‘తర్క’ ఉండవలసిన చోట, మొదటి పాదంలో వాడిన ‘షట్క’ను మళ్ళీ వేయలేకపోవడానికీ కారణం యతియే. పాదాల సంధిలో చీలిన ‘భూధర’, ‘కుంజర’ పదాలను ప్రాస కాపాడుతోంది. ‘పర్వత’, ‘వారణ’ పదాలకు అవే విలువలు, అదే మాత్రాక్రమం ఉన్నా రేఫప్రాస నిలవదు. కవికి ఎంపిక చేసుకొనే స్వేచ్ఛ ఎంత తక్కువో దీనివల్ల తెలుస్తుంది.

ఈ సంఖ్య 3, 5, 17, 257, 641, 65537, 6700417 అనే ఏడు ప్రధానసంఖ్యల లబ్ధం. వీటిలో 641ని ఆయిలర్ 1732లో గుర్తించిన తీరు గణితచరిత్రలో వేరే ఘట్టం.

గణితం, ఛందస్సు రెండూ మౌనం వహించే చోటు కూడ ఉంది. రెండవ పాదంలోని ‘గిరి’కి బదులు ‘నగ’ అని ఏ ప్రతిలోనైనా కనిపిస్తే విలువ ఏడే, లఘువులు రెండే. అవి తొమ్మిది, పది స్థానాలు కనుక యతికి గాని ప్రాసకు గాని సంబంధం లేదు. మొదటి పాదంలో ‘నగ’ ముందే వచ్చిందన్నది ఒక్కటే ‘గిరి’కి అనుకూలమైన వాదం, ‘శర’ను రెండుసార్లు వాడిన కవి విషయంలో అదీ బలమైనది కాదు. అక్కడ ప్రతుల సాక్ష్యమే శరణ్యం.