తులం వెనక రూపాయి, రూపాయి వెనక గురివింద

కనకాలపేటలో పెళ్ళి కుదిరితే పట్టీలకీ కుంకుమ భరిణెకీ యానాం బజారుకో, కాకినాడకో వెళ్తారు. కొట్లో కాటా గ్రాములు చూపిస్తుంది. పెద్దవాళ్ళు మాత్రం ఎన్ని తులాలని అడుగుతారు.

ఆ తులానికి మూలం గురివింద తీగ. తన నలుపు తనకి తెలియదని ఆ గింజని ఎగతాళి చేస్తాం గానీ, బంగారం, వెండి బరువు చెప్పింది అదే. ఒక్కో గింజ సుమారు 0.12 గ్రాము. విడిగా చూస్తే కొంచెం అటూఇటూ ఉన్నా, గుప్పెడు తూస్తే సరాసరి కుదురుకుంటుంది.

9వ శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలపు గణితవేత్త మహావీరాచార్యుడు వెండి లెక్క ఇలా చెప్పాడు: 2 గురివిందలు ఒక మాషం, 16 మాషాలు ఒక ధరణం, రెండున్నర ధరణాలు ఒక కర్షం, 4 కర్షాలు ఒక పలం. అంటే వెండి ధరణం 32 గింజలు. బంగారం ధరణం మాత్రం 40. పేరొకటే, బరువులు రెండు. ఏ లోహమో అడగకుండా బేరానికి దిగితే మునిగినట్టే. ఈ లెక్కలున్న మహావీరుడి గ్రంథాన్నే పావులూరి మల్లన ‘సారసంగ్రహ గణితం’గా తెలుగు చేశాడు. ఆయన వంశానికి పిఠాపురం దగ్గరి నవఖండవాడతో సంబంధం; యానానికి అదేమంత దూరం కాదు.

32 గింజల వెండి మహావీరుడి కన్నా చాలా పాతది. అమరావతిలో ఏడు వేలకి పైగా దొరికిన విద్ధాంక నాణేలు ఆ తూకానివే, మూడున్నర గ్రాములకి అటూఇటూ. వాటి మూలలు కత్తిరించి ఉంటాయి. వెండి రేకుని ముక్కలు చేసి, బరువెక్కువైతే మూల కోసి, ఆపైన ముద్ర వేసేవారు. తూకం ముందు, ముద్ర తరవాత.

మహావీరుడు లెక్కలు రాస్తున్న శతాబ్దంలోనే ఉత్తర ఐరోపాలో వైకింగులు అరబ్బు దిర్హముల్ని, వెండి కడియాల్ని నరికి ముక్కలుగా తూచుకునేవారు. ఇంగ్లండులోని టోర్క్‌సీలో 872–73 చలికాలంలో దిగిన వాళ్ళ సైన్యపు శిబిరంలో సీసపు తూకపు గుళ్ళు వందల కొద్దీ దొరికాయి. సీసం పొయ్యి మీదే కరుగుతుంది, ఎవరి గుళ్ళు వాళ్ళే పోసుకోవచ్చు. కత్తితో చెక్కి తగ్గించడమూ అంతే సులువు. మన కౌటిల్యుడికి ఈ అనుమానం ముందే ఉన్నట్టుంది: తూనికలు ఇనుముతోనో, రాతితోనో చెయ్యాలన్నాడు.

అలాగని సీసం మనకి కొత్తది కాదు. శాతవాహనులు నాణేలే పోశారు. వెండిని వడకట్టే లోహం కూడా అదే. మట్టం వెండిలో నాలుగో వంతు సీసం వేసి కాచమన్నాడు కౌటిల్యుడు. వేడికి సీసం రాగినీ తక్కిన మలినాల్నీ పట్టుకుని మూసలోకి ఇంకిపోతుంది, వెండి ముద్ద మిగులుతుంది. గణపతిదేవుడు 1244లో వేయించిన మోటుపల్లి శాసనంలో సుంకం కట్టాల్సిన సరుకుల జాబితాలో రాగి పక్కన సీసమూ ఉంది.

తరవాత వెండి ఓడల్లో వచ్చింది. స్పానిష్ అమెరికా గనుల వెండిని ఫ్రెంచి కంపెనీ పియాస్త్రులుగా తెచ్చి, 1736లో ఆర్కాటు నవాబు అనుమతితో పుదుచ్చేరిలో కరిగించి రూపాయలు పోసింది. యానాంలో వాళ్ళు 1723లో దిగి, 1727లో వదిలి, 1731లో మళ్ళీ వచ్చారు. 1818లో ఇంగ్లీషువాళ్ళు మద్రాసులో వరహాని తప్పించి 180 గ్రెయిన్ల రూపాయి తెచ్చారు. 1833లో తులాన్నీ ఆ బరువుకే కట్టారు: 11.66 గ్రాములు, లెక్కకి 96 గురివిందలు. దాంతో ప్రతి రూపాయీ ఒక తూకపు రాయి అయింది. తక్కెడలో ఒకవైపు రూపాయి, రెండో వైపు మురుగులు. ‘రూపాయెత్తు’ అంటే తులమే.

గ్రాముని 1795లో చట్టం చేసిన ఫ్రాన్సు కూడా ఇక్కడ రూపాయికే తలవంచింది. 1875లో పుట్టిన ఇండోచైనా బ్యాంకు ఫ్రెంచి ఇండియాకి ఫ్రాంకులు కాదు, రూపాయి నోట్లు అచ్చువేసింది.

1940లో రూపాయిలో వెండి సగానికి దిగింది, 1947లో నికెలు వచ్చింది. బరువు మాత్రం మారలేదు. యానాం 1954లో మనలో కలిసింది. 1956 తూనికల చట్టం తులాన్ని కాగితం మీంచి తీసేసింది. ఇప్పుడు చాలా కొట్లలో తులం అంటే 10 గ్రాములు. విక్టోరియా రాణి రూపాయి తీసుకెళ్తే కంసాలి ముందు అంచుల అరుగుదల చూసి, ఆ తరవాతే కాటా మీద పెడతాడు.