వ్యాసంగం

‘ఆయనది సాహిత్య వ్యాసంగం’ అనగానే ఏ బ్యాంకులోనో రెవెన్యూ ఆఫీసులోనో పనిచేస్తూ సాయంత్రాలూ సెలవులూ పుస్తకాలకిచ్చే మనిషి గుర్తొస్తాడు. ఆ మాటలో మర్యాద ఉంది, జీతం లేదు. తెలుగులోనో చరిత్రలోనో పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి పెళ్లిలో కనిపిస్తే చుట్టాలు ‘ఇంకా చదువేనా అమ్మా?’ అంటారు. పొద్దుపోక చేసే పనేదో ఇంకా వదల్లేదన్నట్టు.

వ్యాసం, వ్యాసంగం అక్కచెల్లెళ్లలా కనిపిస్తాయి గానీ పుట్టిళ్లు వేరు. వ్యాసానికి మూలం ‘అస్’ ధాతువు. విసరడం దాని అర్థం. మాటల్ని దగ్గరచేసి కుదిస్తే సమాసం, విడదీసి పరిస్తే వ్యాసం. పీహెచ్‌డీకి సమర్పించేదాన్ని సిద్ధాంత వ్యాసం అనడం సరిగ్గానే కుదిరింది. వ్యాసంగానికి మూలం ‘సంజ్’. అంటుకోవడం, తగులుకోవడం అని అర్థం. ఆసక్తి, ప్రసక్తి, ప్రసంగం, నిస్సంగం ఆ కుదురువే. ‘ఆసంగం’ ముందు ‘వి’ చేరితే వ్యాసంగం.

చిక్కంతా ఆ ‘వి’లో ఉంది. విఖ్యాతిలో అది ‘బాగా’ అంటుంది, వియోగంలో ‘వేరుగా’ అంటుంది. వ్యాసంగంలో రెండు గొంతులూ వినిపిస్తాయి. సంస్కృత నిఘంటువులు ఈ మాటకు గాఢమైన తగులాటం, దీక్ష అనే అర్థాలతోపాటు మనసు చెదరడం అనే అర్థమూ ఇస్తాయి. న్యాయదర్శన సూత్రాల్లో ప్రత్యక్షాన్ని చర్చించే చోట నిద్రలో ఉన్నవాణ్నీ, మనసు వ్యాసక్తమైనవాణ్నీ ఒకే సమాసంలో కూర్చారు. ఇద్దరినీ బయటి ప్రపంచంలోకి లాగాలంటే గట్టి చప్పుడేదో కావాలి మరి.

మొదటి అర్థం ఎంత పని చేయిస్తుందో తాళపత్రం ముందు కూర్చున్నవాళ్లకు తెలుసు. పదానికీ పదానికీ మధ్య ఖాళీ ఉండదు. ఎక్కడ విరవాలో ఛందస్సు కొంత చెబుతుంది, వ్యాకరణం కొంత చెబుతుంది, మిగతాది చదివేవాడి పాండిత్యం మీద ఆధారపడుతుంది. పాఠాంతరం ఎదురైతే ఇంకో ప్రతి వెతకాలి. ఆధునిక సాహిత్యం తీసుకున్నా తప్పించుకోలేరు. పాత ‘భారతి’ సంచికల కోసం వేటపాలెం సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయానికి వెళ్లాలి. నాలుగు రోజులు తిరగేశాక దొరికేది ఒక్క అధోజ్ఞాపిక కావచ్చు. బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయాల మీద పరిశోధన చేసినప్పుడు గ్రంథాలయం చాలలేదు. పాటలు జనం నోళ్లలో ఉన్నాయి, ఊళ్లకే వెళ్లాల్సి వచ్చింది. ఇలాంటి పనికి గంటల లెక్క రాయడం కష్టం. చదివి పక్కన పెట్టిన వంద పేజీలు సిద్ధాంత వ్యాసంలో కనిపించవు, అవి చదవకపోతే మాత్రం ఆ లోటు కనిపిస్తుంది.

లెక్కకు అందేవి వేరే ఉన్నాయి. 2022 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం 3 ఏళ్లు, మామూలు గడువు 6 ఏళ్లు. కోర్స్‌వర్క్‌కు కనీసం 12 క్రెడిట్లు. ప్రతి సెమిస్టరులో సలహా సంఘం ముందు పురోగతి చెప్పుకోవాలి. వారానికి 4 నుంచి 6 గంటల బోధన, పరిశోధన సహాయం అప్పగించవచ్చు. ఇందులో అన్యాయమైనది ఏదీ లేదు. వీటికితోడు సెమినార్లు, గైడ్ చెప్పిన పనులు, నెట్ పరీక్షకు ప్రిపరేషన్. జేఆర్‌ఎఫ్ అనే జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్ వచ్చినవారికి 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. అది రాకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చేరినవారికి నాన్-నెట్ ఫెలోషిప్ 8,000. ఆ డబ్బుతో నగరంలో బతకలేక ట్యూషన్లూ కోచింగ్ క్లాసులూ చెప్పుకుంటే, వాటితో మరికొన్ని గంటలు పోతాయి. ఇక్కడినుంచి వ్యాసంగం రెండో అర్థంలో నడుస్తుంది.

తెలుగులో ఈ మాటతోపాటు ‘ఉద్యోగం’ కూడా దారి మార్చుకుంది. సంస్కృతంలో ఉద్యోగమంటే పూనిక, ప్రయత్నం. భారతంలో ఉద్యోగపర్వమంతా గాలించినా ఎవరికీ కొలువు దొరకదు, అందులో ఉన్నది యుద్ధ సన్నాహం. ప్రయత్నాన్ని చెప్పే మాటను మనం జీతానికి ఇచ్చాం, విడువని తగులాటాన్ని చెప్పే మాటను తీరికకు ఇచ్చాం. పరిశోధక విద్యార్థి ఈ రెంటి నడుమ ఇరుక్కున్నాడు. పూనిక ఉన్నా ఉద్యోగి కాడు, తగులాటం ఉన్నా తీరిక లేదు.

అందుకే స్కాలర్లకు పని ఎక్కువైందన్న మొరను వినేటప్పుడు ఆ ‘వి’ ఏ అర్థంలో ఉందో కనిపెట్టాలి. రోజుకు పది గంటలు ఒకే కావ్యంతో కూర్చోవడానికి సిద్ధపడే ఈ చదువులోకి వస్తారు, ఆ బరువు వాళ్లు కోరి ఎత్తుకున్నదే. ఆ పది గంటలూ పది ముక్కలైతే మాత్రం గంటకో కొత్త మొదలు తప్ప చదువు సాగదు. విశ్వవిద్యాలయాలు పని తగ్గించకపోయినా ఫరవాలేదు. వారంలో రెండు రోజులైనా ఏ సమావేశమూ, క్లాసూ, సంతకమూ లేకుండా వదిలిపెట్టి, ఫెలోషిప్‌ను బతకడానికి సరిపడా చేస్తే చాలు. మిగతా చాకిరీ ఆసక్తి ఉన్నవాళ్లే చేసుకుంటారు.