ఓడి గెలుచుట సాధ్యమా?

తన జట్టు గెలువవలెనని కోరుట క్రీడాభిమానికి సహజధర్మము. గెలిచిననాడు పొంగిపోవుట, ఓడిననాడు క్రుంగిపోవుట ఏ దేశమునందైనను కనబడునదే. కాని 2015 మార్చి 26వ తేదీ రాత్రి అమెరికాలోని బఫెలో నగరమున ఇందుకు విరుద్ధమైన దృశ్యమొకటి కనబడెను. ఆ నగరపు జట్టయిన బఫెలో సేబర్స్, అరిజోనా కొయోటీస్ జట్టుతో ఐస్ హాకీ ఆడుచుండెను. నియమిత కాలము ముగియునప్పటికి రెండు జట్లును చెరి మూడు గోలులతో సమానముగా నిలిచినవి. అదనపు సమయమున అరిజోనా ఆటగాడు శామ్ గాన్యే గోలు చేసి తన జట్టును గెలిపించెను. వెంటనే ప్రేక్షకులలో అనేకులు లేచి హర్షధ్వానములు చేసిరి. వారు అరిజోనా నుండి వచ్చినవారు కారు. బఫెలో పౌరులే, సొంత డబ్బుతో టిక్కెట్లు కొని, తమ జట్టు చొక్కాలే తొడుగుకొని వచ్చినవారు. తమ జట్టు ఓడిపోయినందుకు వారు సంతోషించిరి!

ఈ వింతకు కారణము తెలియవలెనన్న ఆ ఆటను గూర్చి కొంత చెప్పుకొనక తప్పదు. మనకు హాకీ అనగా పచ్చికపై ఆడు ఆట. 1928 మొదలు 1956 వరకు వరుసగా ఆరు ఒలింపిక్ క్రీడలలో మనదేశమునకు స్వర్ణపతకములు తెచ్చిపెట్టిన ఆట అది. కెనడావారికి మాత్రము హాకీ అన్న మాట వినగానే మంచు గుర్తునకు వచ్చును. కాళ్ళకు ఉక్కు అంచుగల స్కేట్లు కట్టుకొని, బంతికి బదులు నల్లని రబ్బరు బిళ్ళను కర్రలతో తరుముచు, జట్టునకు ఆరుగురు చొప్పున మంచుపై జారుచు ఆడుదురు. 1917లో మాంట్రియల్‌లో వెలసిన నేషనల్ హాకీ లీగు ఈ ఆటకు పెద్ద పీట. నేడు కెనడా, అమెరికా దేశములకు చెందిన 32 జట్లు అందులో కలవు. అందరి కోరికయు ఒక్కటే: స్టాన్లీ కప్పు.

మన పల్లెలలో పిల్లలు చెడుగుడు ఆడబోవునప్పుడు ఉద్దులు కట్టుకొందురు. సమాన బలముగల ఇద్దరేసి జతలుగా ఏర్పడి, ఒకడు ఈ పక్షమునకు, ఒకడు ఆ పక్షమునకు పోవుదురు. బలవంతులందరును ఒకే వైపు చేరినచో ఆటలో రుచి యుండదని ఆ పసివారికి కూడ తెలియును. హాకీ లీగువారు అవలంబించిన డ్రాఫ్టు అను పద్ధతి వెనుకనున్న ధర్మమును ఇదియే. ఏటేట లీగులో ప్రవేశింపగోరు యువకుల నుండి తమకు కావలసినవారిని జట్లు వంతులవారీగా ఎన్నుకొనును. అందు తొలి వంతులు గడచిన ఏట అట్టడుగున నిలిచిన జట్లవి. బలహీనునికి ముందు వడ్డించి, బలవంతుని చివర కూర్చుండబెట్టు పంక్తి అనుకొనవచ్చును.

ఇది మొదటినుండియు ఉన్న పద్ధతి కాదు. 1942 మొదలు 1967 వరకు లీగులో ఆరు జట్లే యుండెను. ఒక్కొక్క జట్టు చిన్న ఊళ్ళలోని బాలుర జట్లను పోషించి, అందలి ఆటగాండ్రపై ముందే హక్కు సంపాదించుకొనెడిది. తరువాతి కాలమున జగత్ప్రసిద్ధుడైన బాబీ ఆర్‌ను బోస్టన్ జట్టు వశపరచుకొన్నప్పుడు అతనికి పదునాలుగేండ్లే! డబ్బును, అనుచరులును ఎక్కువగా గల జట్లకే మంచి పిల్లలు దొరకుచుండిరి. ఈ అసమానతను తగ్గించుటకు 1963 జూన్ 5న మాంట్రియల్‌లోని ఒక హోటలులో మొదటి డ్రాఫ్టు జరిగెను. ఆనాడు ఎన్నుకొనబడినవారు 21 మంది మాత్రమే. మేలిమి యువకులు అప్పటికే పాత పద్ధతిలో ఏదో యొక జట్టునకు కట్టుబడి యుండిరి. 1969 నాటికి గాని ఆ పాత కట్టుబాట్లు పూర్తిగా తొలగి, అర్హులైన యువకులందరును డ్రాఫ్టులోనికి రాలేదు.

నియమము ధర్మమైనదే, కాని నియమమున్నచోట యుక్తియు ఉండును గదా! తన వంతును మరియొక జట్టునకు ఇచ్చి, బదులుగా ఆటగాండ్రను తెచ్చుకొను స్వేచ్ఛ జట్లకు కలదు. మాంట్రియల్ జట్టు వ్యవహర్త శామ్ పొలాక్ 1970లో కాలిఫోర్నియా గోల్డెన్ సీల్స్ అను బలహీనపు జట్టునుండి మరుసటి ఏటి తొలి వంతును సంపాదించెను. ఆ ఏడు సీల్స్ జట్టు అట్టడుగున నిలిచినగాని అతని యుక్తి ఫలింపదు. నడుమ లాస్ ఏంజెలెస్ జట్టు మరింత దిగజారునట్లు తోచగా, 1971 జనవరిలో అతడు రాల్ఫ్ బ్యాక్‌స్ట్రమ్ అను అనుభవజ్ఞుని ఆ జట్టునకు పంపెను. అది ఆ జట్టును పైకి లేపుటకే యని చరిత్రకారులు చెప్పుకొందురు. తుదకు సీల్స్ అట్టడుగున నిలిచినది. ఆ వంతున మాంట్రియల్ ఎన్నుకొన్నది గీ లాఫ్లూర్‌ను. అతనితో ఆ జట్టు ఐదు మారులు స్టాన్లీ కప్పు గెలిచెను. సీల్స్ జట్టు 1976లో ఊరు మారి, 1978లో మరియొక జట్టులో కలిసి పేరు లేకుండ పోయెను. రేపటి విత్తనమును నేడే అమ్ముకొన్న రైతు గతి అది.

తన ఓటమినే పెట్టుబడిగా పెట్టిన జట్టుగా ప్రసిద్ధికెక్కినది పిట్స్‌బర్గు. అది ఉక్కునగరము. 1980 తరువాత కర్మాగారములు ఒకటొకటిగా మూతపడి వేలాది కుటుంబములు ఉపాధి కోల్పోయిన కాలము. అక్కడి పెంగ్విన్స్ జట్టును చూచుటకు 1983-84లో సగటున ఏడువేల మందియైనను రాలేదు. జట్టు అట్లే సాగినచో నగరము విడిచిపోవునేమో యను భయముండెను. సరిగా ఆ ఏడే కెనడాలో మారియో లెమ్యూ అను యువకుడు బాలుర లీగులో 70 ఆటలలో 133 గోలులు చేసి అందరిని ఆశ్చర్యపరచుచుండెను. 1984 మార్చిలో పిట్స్‌బర్గు వ్యవహర్త ఎడ్డీ జాన్‌స్టన్ తన మేటి రక్షకుడైన రాండీ కార్లైల్‌ను విన్నిపెగ్‌కు పంపివేసెను. మంచి గోలు కీపరును చిన్న లీగునకు దింపెను. ఏడు ముగియునప్పటికి పిట్స్‌బర్గునకు 38 పాయింట్లు, న్యూజెర్సీకి 41. మూడు పాయింట్ల తేడాతో పిట్స్‌బర్గు ‘ఓటమిలో గెలిచెను’. ఇది బుద్ధిపూర్వకమని ఎందరో నిందించిరి. కాదని జాన్‌స్టన్ వాదించెను.

లెమ్యూ వచ్చెను. తన తొలి ఆటలో, మంచుపై అడుగిడిన తొలి విడతలోనే, తొలి గురికే గోలు చేసెను. ప్రేక్షకులు మరల రాసాగిరి. ఇంతవరకు కథ అందరికి తెలిసినదే. తరువాతి సంగతి మాత్రము అభిమానులు తరచు మరతురు. లెమ్యూ వచ్చిన పిదప నాలుగేండ్లు ఆ జట్టు తుది దశ పోటీలకు అర్హత పొందలేదు. స్టాన్లీ కప్పు చేతికందినది 1991లో, మరల 1992లో. ఆ ఏడేండ్ల నడుమ పాల్ కాఫీ, టామ్ బరాసో, రాన్ ఫ్రాన్సిస్ వంటివారిని ఇతర జట్లనుండి తెచ్చిరి. 1990 డ్రాఫ్టులో ఐదవ వంతున యారొమిర్ యాగర్‌ను ఎన్నుకొనిరి. తొలి వంతు పునాదిరాయి యయ్యెను గాని, ఇల్లు కట్టినది అనేకుల చేతులు.

క్విబెక్ నగరపు కథ ఇంతకంటె కరుణరసభరితము. ఫ్రెంచి భాష మాటాడు ఆ నగరపు నార్డీక్స్ జట్టు 1989, 1990, 1991 సంవత్సరములలో వరుసగా మూడు మారులు లీగులో అట్టడుగున నిలిచెను. ఒక ఏట 80 ఆటలలో గెలిచినవి 12 మాత్రమే. మూడు తొలి వంతులు లభించినవి: మాట్స్ సుందీన్, ఓవెన్ నోలన్, ఎరిక్ లిండ్రాస్. మూడవవాడు ఆ జట్టులో ఆడనని భీష్మించెను. ఏడాది వేచి, 1992లో అతనిని ఫిలడెల్ఫియాకు ఇచ్చివేసి, బదులుగా పీటర్ ఫోర్స్‌బర్గ్ మొదలగు ఆటగాండ్రను, రెండు తొలి విడత వంతులను, కోటి యేబది లక్షల డాలర్లను పొందిరి. జట్టు వేగముగా బలపడెను. ఇక కప్పు చేతికందు దూరమున నున్నదనగా, డబ్బు చాలక 1995లో యజమానులు జట్టును అమెరికాలోని డెన్వర్ నగరమునకు అమ్మివేసిరి. అక్కడ కొలరాడో అవలాంచ్ అను పేరుతో మొదటి ఏటనే, 1996లో, అది స్టాన్లీ కప్పు గెలిచెను. ఓటములను భరించినవారొకరు, ఉత్సవము చేసికొన్నవారు మరియొకరు. ఆ లీగు జట్టు క్విబెక్ నగరమునకు తిరిగి రాలేదు.

1993లో ఆటవా సెనేటర్స్ జట్టు పది ఆటలే గెలిచి తొలి వంతు పొందినప్పుడు అనుమానములు బాహాటముగా వెలువడెను. ఉద్దేశపూర్వకముగా ఓడినట్లు విచారణలో రుజువు కాలేదు గాని, యజమాని మాటలకు లక్ష డాలర్ల జరిమానా పడెను. ఆ వంతున ఎన్నుకొన్న అలెగ్జాండర్ డేగ్ ఆశించినంతటివాడు కాలేదు. అతని తరువాత రెండవ, నాలుగవ వంతులలో పోయిన ప్రాంగర్, కరియా ఇరువురును కాలక్రమమున హాకీ కీర్తిమందిరమున చేరిరి. ఈ అపవాదుల ఫలితముగా 1995 నుండి తొలి వంతును లాటరీ ద్వారా నిర్ణయించుచున్నారు. ఆ లాటరీ నియమములు పలుమారులు మారినవి. నేడు అట్టడుగున నిలిచిన జట్టునకు తొలి వంతు లభించు అవకాశము నాలుగింట ఒక వంతుకు కొంచెము పైన మాత్రమే.

ఇక అభిమానుల వాదమునకు వత్తము. ఒక పక్షమువారిట్లందురు: “నడుమ వేలాడు జట్టునకు కప్పును రాదు, మంచి వంతును రాదు. 2005 నుండి ప్రతి జట్టు జీతముల మొత్తమునకు పరిమితి యున్నది; ధనముతో వీరులను పోగుచేయుట కుదరదు. తక్కువ జీతమునకు చాలయేండ్లు ఆడు యువకుడు డ్రాఫ్టులోనే దొరకును. కాబట్టి వయసు మీరినవారిని పంపివేసి, కొన్నియేండ్లు కష్టమోర్చుకొనుటే మేలు.” ఈ వాదము తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. కుంటుచు నడచుటకంటె శస్త్రచికిత్స మేలను రోగివలె వారు మాటాడుచున్నారు.

రెండవ పక్షమువారిట్లందురు: “పదునెనిమిదేండ్ల బాలుని భవిష్యత్తును ఎవరు చెప్పగలరు? ఎడ్మంటన్ జట్టు 2010, 2011, 2012లలో మూడు తొలి వంతులు పొందియు 2007 నుండి 2016 వరకు వరుసగా పదియేండ్లు తుది దశ ముఖము చూడలేదు. డెట్రాయిట్ జట్టు నికొలాస్ లిడ్‌స్ట్రమ్‌ను 53వ వంతున, పావెల్ దత్సూక్‌ను 171వ వంతున, హెన్రిక్ జెటర్‌బర్గ్‌ను 210వ వంతున కనుగొని 1991 నుండి 25 ఏండ్లు ఎడతెగక తుది దశకు చేరెను. కావలసినది మొదటి వంతు కాదు, మంచి కన్ను. పైగా ఓటమికి అలవాటుపడిన యింట పెరిగిన పిల్లవాడు గెలుపు మర్యాదను ఎక్కడ నేర్చును?”

బఫెలో చరిత్ర ఈ రెండవ పక్షమునకే బలమిచ్చుచున్నది. 2015 ఏప్రిల్‌లో జరిగిన లాటరీలో తొలి వంతు అట్టడుగుననున్న బఫెలోకు రాక, కింది నుండి మూడవదైన ఎడ్మంటన్‌కు పోయెను. అందరు కోరిన కానర్ మక్డేవిడ్ అటు పోయెను. బఫెలోకు దక్కిన జాక్ ఐకెల్ కూడ మేటి ఆటగాడే. అయినను 2021లో అతనిని లాస్ వేగాస్ జట్టునకు ఇచ్చివేసిరి. 2023లో అతడక్కడ స్టాన్లీ కప్పు నెత్తెను. బఫెలో జట్టు 2012 నుండి 2025 వరకు వరుసగా పదునాలుగు పర్యాయములు తుది దశకు చేరలేదు. లీగు చరిత్రలో అంతకు మునుపు ఏ జట్టునకును అంత దీర్ఘమైన కరవు లేదు. మక్డేవిడ్ వచ్చిన ఎడ్మంటన్ సైతము 2024, 2025లలో అంతిమ పోటీకి చేరి రెండుమారులును ఫ్లోరిడాకు ఓడిపోయెను.

ఈ వాదమున మేము ఒక భేదమును గుర్తింపవలెనని కోరుదుము. ఓడుట వేరు, ఓటమిని కోరుట వేరు. మంచుపై ఆడు ఆటగాడు ఓడుటకు ఆడడు. అతని జీవనము, గౌరవము ప్రతి ఆటపైనను ఆధారపడి యుండును. ఆనాటి బఫెలో ఆటగాండ్రు తమ యింటనే తమ ఓటమికి చప్పట్లు విని నొచ్చుకొనుటలో ఆశ్చర్యము లేదు. వారిలో పలువురు రాబోవు మంచిరోజులలో ఆ జట్టున ఉండబోవువారు కూడ కారు. వ్యవహర్త చేసిన పథకపు మూల్యమును చెల్లించినది వారును, టిక్కెట్టు కొన్న గృహస్థులును.

డ్రాఫ్టు బలహీనుని నిలబెట్టుటకు పుట్టిన ఏర్పాటు. నిజముగా పడినవానికి అది చేయూత. కావలెనని పడినవానికి అది జూదము. లెమ్యూ కథ వినిన ప్రతి నగరము తనకును అట్టివాడొకడు రాకపోవునా యని ఆశించును. ఆశించుట తప్పు కాదు. కాని పిట్స్‌బర్గునకు ఏడేండ్లు పట్టినదనియు, క్విబెక్ నగరమునకు ఆ దినమే రాలేదనియు ఆ ఆశతో పాటు జ్ఞాపకముంచుకొనవలెను. ఓర్చుకొనుమని అభిమానిని అడుగు జట్టు, ఆ ఓర్పు ఫలించువరకు ఆ ఊరనే ఉందునని మాట ఇయ్యగలిగియుండవలెను. ఆ మాట లేనిచో, ఓటమిని పెట్టుబడి యనుట పరుల సొమ్ముతో వ్యాపారము చేయుటయే యగును.