మనోడు ఎవడన్నా ఉన్నడా?

హైదరాబాద్‌కు ఇద్దరు గిల్‌క్రిస్టులు ఆడారు. ఒకాయన రాయ్ గిల్‌క్రిస్ట్, జమైకా ఫాస్ట్ బౌలర్. ఇంకొకాయన ఆడమ్ గిల్‌క్రిస్ట్, ఆస్ట్రేలియా వికెట్ కీపర్. రాయ్ 1962లో వచ్చాడు, ఆడమ్ 2008లో. మొదటాయన్ని క్రికెట్ బోర్డు పిలిపించింది, రెండో ఆయన్ని ఒక పత్రిక యాజమాన్యం వేలంలో 7 లక్షల డాలర్లకు పాడుకుంది. ఇద్దరు వచ్చినప్పుడూ ఈ ఊళ్లో జనం మాట్లాడుకున్నది ఒకటే సంగతి: మన జట్టులోకి ఎవరొస్తున్నారు, ఎట్లా వస్తున్నారు, వచ్చి ఏం చేస్తారు.

నేను నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో లేత్ మీద పనిచేసి రిటైరయ్యాను. ఉండేది హెచ్‌ఎంటీ నగర్‌లో. నాకు టర్నింగ్ నేర్పిన మేస్త్రీకి క్రికెట్ అంటే ప్రాణం. రాయ్ గిల్‌క్రిస్ట్ పేరు నేను మొదట విన్నది ఆయన నోటనే. 1958-59లో వెస్టిండీస్ జట్టుతో మన దేశానికి వచ్చి, బ్యాట్స్‌మెన్ తలల మీదికి బంతులు విసురుతున్నాడని కెప్టెన్ అలెగ్జాండర్ టూర్ మధ్యలోనే ఇంటికి పంపేసిన మనిషి ఆయన. 1962లో బార్బడోస్‌లో మన కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ తలకు బంతి తగిలి ప్రాణం మీదికి వచ్చింది. మనవాళ్లకు వేగం అలవాటు కావాలని బోర్డు నలుగురు వెస్టిండీస్ బౌలర్లను తెప్పించి తలా ఒక జట్టుకు ఇచ్చింది. బొంబాయికి స్టేయర్స్, బెంగాల్‌కు లెస్టర్ కింగ్, ఢిల్లీకి చెస్టర్ వాట్సన్, హైదరాబాద్‌కు గిల్‌క్రిస్ట్. నలుగురిలో అందరికంటే భయంకరమైనవాడు మనకే దక్కాడని మేస్త్రీ ఎంత సంతోషంగా చెప్పేవాడో! ఆయన వచ్చే ముందు ఫతే మైదాన్ దగ్గర ఇరానీ హోటళ్లలో రోజూ అదే చర్చ నడిచేదట.

అంత చెప్పి కూడా మేస్త్రీ పేపర్లో ఏ జట్టు ప్రకటన వచ్చినా వేలు పెట్టి పేర్లు చదువుతూ ఒక్కటే అడిగేవాడు: "మనోడు ఎవడన్నా ఉన్నడా?" 1971లో వెస్టిండీస్ వెళ్లిన భారత జట్టులో హైదరాబాద్ నుంచి ఐదుగురున్నారు: జయసింహ, అబిద్ అలీ, కృష్ణమూర్తి, గోవింద్‌రాజ్, జయంతీలాల్. ఆ పేర్లు ఆయన తడుముకోకుండా చెప్పేవాడు.

బయటివాళ్లను రప్పించడం తెలుగు నేలకు కొత్త కాదు. విజయనగరం మహారాజకుమార్, అందరూ విజ్జీ అని పిలిచే ఆయన, 1930-31లో ఇంగ్లండ్ నుంచి జాక్ హాబ్స్‌నూ హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌నూ తెచ్చి తన జట్టులో ఆడించాడు. అప్పటికి వాళ్లిద్దరూ ప్రపంచంలోకెల్లా పేరున్న ఓపెనర్లు. అదే సీజన్‌లో హైదరాబాద్‌లో మొయిన్-ఉద్-దౌలా గోల్డ్ కప్ మొదలైంది. సొంత జట్లను పోషించే నవాబులు, జమీందార్లు ఆ కప్పు కోసం ఆటగాళ్లను వెతికించి తెచ్చేవాళ్లు. వేలంపాట లేదన్న మాటే గానీ, డబ్బూ పలుకుబడీ ఉన్నవాడు మంచి ఆటగాణ్ని పట్టుకుపోవడం అప్పుడూ ఉన్నదే. 1960ల్లో టైగర్ పటౌడీ ఢిల్లీ వదిలి హైదరాబాద్‌కు ఆడటానికి వచ్చాడు. దేశానికి కెప్టెన్ అయి ఉండీ ఇక్కడ జయసింహ కెప్టెన్సీలో ఆడాడు. ఆ సంగతి చెప్పేటప్పుడు మా మేస్త్రీ గొంతు మారేది.

వెతకడంలో మాత్రం ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాటి ఎవరూ లేరని నా నమ్మకం. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. నాచారం నుంచి ఉత్తరంగా పోతే వచ్చే అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్‌ను ఆయన ఒక మామూలు లీగ్ మ్యాచ్‌లో చూశాడు. ప్రాక్టీస్‌కు రమ్మన్నాడు. రోజూ వచ్చిపోవడానికి డబ్బుల్లేవంటే సైకిల్ అద్దెకు తనే ఇచ్చాడని చెబుతారు. ఆ కుర్రాడు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఆడాడు. మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. మరుసటి ఏడు కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్ బలరామ్‌ను తీసుకుపోయింది. హైదరాబాద్‌లో తయారవడం, కలకత్తాలో ఆడటం అక్కడినుంచి ఎందరికో దారైంది. ఊరు దాటి పోయినా వాళ్ల స్కోర్లు ఇక్కడివాళ్లు వెతుక్కుని చదివేవాళ్లు.

నా వయసు కుర్రాళ్లకు తెలిసిన సెలక్షన్ ఉద్యోగాలతో ముడిపడింది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్, ఆంధ్రా బ్యాంక్, సౌత్ సెంట్రల్ రైల్వే, మాకు దగ్గర్లో ఈసీఐఎల్. ఆ జట్లు సికింద్రాబాద్ జింఖానాలోనో పరేడ్ గ్రౌండ్స్‌లోనో లీగ్ మ్యాచ్‌లు ఆడేవి. మేం ఆదివారం పోయి చెట్ల కింద కూర్చునేవాళ్లం. "ఫలానా కాలేజీ ఆఫ్ స్పిన్నర్‌ను బ్యాంకోళ్లు తీసుకున్నరట" అన్న మాట సోమవారానికి మా షెడ్డు దాకా వచ్చేది. మాకు అదే పెద్ద వార్త. ఆ కుర్రాడికి ఉద్యోగం దొరికింది, ఇక ఆట వదలడు అని అర్థం. 1986-87లో ఎం.వి. నరసింహారావు కెప్టెన్‌గా హైదరాబాద్ ఢిల్లీని దాటి రంజీ ట్రోఫీ తెచ్చినప్పుడు, ఆ ఆటగాళ్లను లీగ్ మ్యాచ్‌ల నాటి నుంచీ చూస్తున్నామన్న ధీమా మాకుండేది. 1937-38 తర్వాత మళ్లీ వచ్చిన కప్పు అది. ఎస్‌బీహెచ్ 2017 ఏప్రిల్‌లో స్టేట్ బ్యాంక్‌లో కలిసింది, ఆంధ్రా బ్యాంక్ 2020లో యూనియన్ బ్యాంక్‌లో కలిసింది. పేర్లతో పాటు ఆ జట్లూ పోయాయి.

ఉప్పల్ స్టేడియం వచ్చింది ఆ కాలం చివర్లో. వరంగల్ రోడ్డు మొదట్లో, సర్వే ఆఫ్ ఇండియా, ఎన్‌జీఆర్‌ఐ ఉన్న వైపున హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్ కట్టింది. 2005 నవంబర్ 16న మొదటి వన్డే, దక్షిణాఫ్రికాతో. యువరాజ్ సెంచరీ కొట్టినా ఓడిపోయాం. 2009 నవంబర్ 5న ఆస్ట్రేలియా మీద సచిన్ 175 కొట్టాడు, మూడు పరుగుల తేడాతో ఓడాం. ఇవన్నీ దేశం జట్టు మ్యాచ్‌లు. ఊరి జట్టు కోసం ఉప్పల్ జనం ఎదురుచూడటం మొదలైంది 2008 ఫిబ్రవరి 20న.

ఆ రోజు ముంబైలో మొదటి ఐపీఎల్ వేలం. షిఫ్టులో ఉన్నవాళ్లం టీ టైం పేరు చెప్పి నాచారం చౌరస్తా పక్కన ఎలక్ట్రానిక్స్ షాపు ముందు నిలబడ్డాం. టీవీలో కింద స్క్రోలింగ్ పోతున్నది. ఆండ్రూ సైమండ్స్‌ను మన హైదరాబాద్ జట్టు దక్కన్ చార్జర్స్ 13.5 లక్షల డాలర్లకు కొన్నదని రాగానే గుంపులోంచి ఈలలు. ఆ రోజు ధోనీ తర్వాత అంత ధర ఇంకెవరికీ పలకలేదు. ఆర్పీ సింగ్, రోహిత్ శర్మ, ఆఫ్రిదీ, గిబ్స్ కూడా మనకే వచ్చారు. ఇంత కొనగలిగారంటే దాని వెనుక లక్ష్మణ్ ఉన్నాడు. సొంత ఊరి జట్టుకు ఐకాన్ ప్లేయర్‌గా ఉంటే, జట్టులో అందరికంటే ఎక్కువ ధర పలికినవాడి మీద ఇంకో 15 శాతం కలిపి ఆయనకు ఇవ్వాలి. ఒక్కో జట్టు పర్సే 50 లక్షల డాలర్లు. ఆ హోదా వద్దనుకుని లక్ష్మణ్ 3.75 లక్షల డాలర్లకు ఆడాడు. ఈ సంగతి ఇప్పటి పిల్లల్లో చాలామందికి తెలియదు. హైదరాబాద్ జట్టు కోసం ఒక ఆటగాడు చేసిన అంత పెద్ద త్యాగం నేనెరిగి ఇంకోటి లేదు.

ఆ ఏడు అంత పెద్ద పేర్లున్నా చార్జర్స్ అట్టడుగున నిలిచింది. 14 మ్యాచ్‌ల్లో రెండే గెలిచింది. ఆ రెండూ బయట ఊళ్లలోనే, ఉప్పల్‌లో ఆడిన ఏడూ ఓడింది. 2009లో ఎన్నికల వల్ల టోర్నీ దక్షిణాఫ్రికాకు పోయింది. అక్కడ ఆడమ్ గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో మే 24న జొహానెస్‌బర్గ్‌లో బెంగళూరు మీద ఆరు పరుగులతో కప్పు గెలిచారు. 2010లో తెలంగాణ ఉద్యమం కారణంగా సొంత మ్యాచ్‌లు నాగ్‌పూర్, కటక్, నవీ ముంబైలకు తరలిపోయాయి. కప్పు తెచ్చిన జట్టు ఉప్పల్‌లో ఒక మ్యాచ్ గెలవడం చూడటానికి మాకు 2011 దాకా పట్టింది.

ఆ మొదటి ఏళ్లలో ఒక నిబంధన ఉండేది. నా మాటంతా దాని గురించే. ప్రతి జట్టులో తమ ప్రాంతం నుంచి కనీసం నలుగురు ఆటగాళ్లు ఉండాలి. అందుకే 2009 కప్పు జట్టులో లక్ష్మణ్‌తో పాటు ప్రజ్ఞాన్ ఓఝా, తిరుమలశెట్టి సుమన్, రవితేజ, విశాఖ వేణుగోపాలరావు ఉన్నారు. వీళ్లను ఎవరూ టీవీలో వేలం పాడలేదు. లీగ్‌లోనూ రంజీలోనూ ఆడుతుంటే చూసి తీసుకున్నారు. తర్వాత ఆ నిబంధన పోయింది. 2014 నుంచి దేశం జట్టుకు ఆడని కుర్రాళ్లను కూడా వేలంలోకే తెచ్చారు. చార్జర్స్ కూడా పోయి, 2012 అక్టోబర్‌లో సన్ టీవీ ఏడాదికి 85.05 కోట్ల చొప్పున జట్టును తీసుకుంది. సన్‌రైజర్స్ అట్లా వచ్చింది.

సన్‌రైజర్స్ వేలంలో గట్టివాళ్లు, అది ఒప్పుకోవాలి. 2014లో వార్నర్‌ను 5.5 కోట్లకు, భువనేశ్వర్‌ను 4.25 కోట్లకు తీసుకున్నారు. ఆ ఇద్దరి మీదే 2016 కప్పు నిలబడింది. 2017లో రషీద్ ఖాన్‌కు 4 కోట్లు పెట్టారు. అప్పటికి ఆ పేరు ఉప్పల్ రింగ్ రోడ్డులో ఎవరికీ పెద్దగా తెలియదు. ఏడాది తిరగకముందే పిల్లలు గల్లీల్లో ఆయన యాక్షన్‌తో గూగ్లీ వేయడం మొదలుపెట్టారు.

అదే వేలంలో మొహమ్మద్ సిరాజ్ పేరు వచ్చింది. బేస్ ప్రైస్ 20 లక్షలు. తండ్రి ఆటో నడిపేవాడు, కుర్రాడు ఫస్ట్ లాన్సర్ నుంచి వచ్చాడు. అప్పటికి వేలం చూడటం మా దగ్గర ఒక పద్ధతిగా స్థిరపడింది. మా మేనల్లుడు నోట్‌బుక్‌లో గీతలు కొట్టి, ఏ జట్టు పర్సులో ఎంత మిగిలింది, విదేశీ స్లాట్లు ఎన్ని ఖాళీ, కీపర్ కావాల్సింది ఎవరికి, అన్నీ రాసి పెట్టేవాడు. సిరాజ్ ధర కోటి దాటగానే వాడు పెన్ను పక్కన పెట్టేశాడు. "మామా, మనోళ్లు ఇడుస్తలేరు!" 2.6 కోట్లకు సన్‌రైజర్స్‌కే దక్కాడు. షాపు బయట ఆటో డ్రైవర్లు ఒకరికొకరు మిఠాయి తినిపించుకున్నారు. ఒక్క ఏడాదే. 2018లో బెంగళూరు తీసుకుపోయింది.

2022లో తిలక్ వర్మ వంతు వచ్చింది. ఎలక్ట్రీషియన్ కొడుకు, లింగంపల్లిలో ఆట నేర్చుకున్నవాడు. 1.7 కోట్లకు ముంబై పాడుకుంది. 2024 మార్చి 27న ఆ కుర్రాడు ఉప్పల్‌లో ముంబై జెర్సీతో 34 బంతుల్లో 64 కొట్టాడు. ఆ రోజు సన్‌రైజర్స్ 277 కొట్టింది కాబట్టి ఆ ఇన్నింగ్స్‌ను అందరూ మరిచిపోయారు. హెడ్‌ను 6.8 కోట్లకు, కమిన్స్‌ను 20.5 కోట్లకు కొన్న వేలం ఫలితం అది. 2025 ఏప్రిల్ 6న సిరాజ్ గుజరాత్ జెర్సీ వేసుకుని ఉప్పల్‌లో 17 పరుగులకు నాలుగు వికెట్లు తీశాడు. నేను ఆ రోజు స్టాండ్స్‌లో ఉన్నాను. ఆరెంజ్ చొక్కాలు వేసుకున్నవాళ్లే లేచి చప్పట్లు కొట్టారు. మన జట్టు ఓడుతున్నది, మనోడు ఓడిస్తున్నాడు. ఆ చప్పట్లలో సంతోషమూ ఉంది, బాధా ఉంది.

ఆ నలుగురి నిబంధన ఉండాలన్నది ఊరి పిల్లల మీద ప్రేమతో మాత్రమే అంటున్న మాట కాదు. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని 20 లక్షలకు తీసుకున్నదీ సన్‌రైజర్సే. ఓపిక పట్టి ఆడించారు, తర్వాత 6 కోట్లకు అట్టిపెట్టుకున్నారు. తెలుగు కుర్రాణ్ని దగ్గరుంచుకుంటే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. రహీం మామూలు లీగ్ మ్యాచ్‌కు పోయి నిలబడ్డాడు కాబట్టే బలరామ్ కనబడ్డాడు. వేలం హాల్లో ఎంత లెక్క కట్టినా, లిస్టులోకి ఎక్కని కుర్రాడి పేరు ఎవరూ పిలవరు.

బోర్డు మళ్లీ ప్రాంతం నిబంధన తేవాలి. నలుగురు కాకపోతే ఇద్దరన్నా సరే. అది వచ్చేదాకా సన్‌రైజర్స్ యాజమాన్యం జింఖానాకూ జిల్లాల గ్రౌండ్లకూ సొంత మనుషుల్ని పంపాలి. వేలం రోజు పొద్దంతా టీవీ ముందు కూర్చునే నా ఉప్పల్, నాచారం, హబ్సిగూడ మిత్రులకూ ఒక మాట. మెట్రో ఎక్కి సికింద్రాబాద్ దిక్కు పోండి. లీగ్ మ్యాచ్ ఒకటి కూర్చుని చూడండి. అక్కడ బాగా ఆడుతున్న కుర్రాడి పేరు రాసుకుని పదిమందికీ చెప్పండి.