గుమ్మం దాటని సైకిలు

"ఏమ్మాయ్, వీడు గంట నుంచీ సైకిలు తొక్కుతున్నాడు. ఇంకా గుమ్మం దాటలేదేం?" అన్నారు మా అత్తగారు వత్తులు చేసుకుంటూ.

కిందటి సంక్రాంతికి మావాడు పెంటపాడు వస్తూ వస్తూ ఓ ఇనప స్టాండు మోసుకొచ్చాడు లెండి. సైకిలు వెనక చక్రాన్ని దానిలో బిగిస్తే వసారాలోనే ఎన్ని మైళ్లయినా తొక్కొచ్చట. దాని పేరు ట్రైనరు. తాడేపల్లిగూడెం దాకా రోడ్డుండగా ఇదేం ఖర్మరా అంటే, "రోడ్డు మీద లారీలమ్మా. ఇంట్లో అయితే ప్రమాదమే లేదు" అన్నాడు. ఆ మాట ఎంత నిజమో సాయంత్రానికల్లా తేలిపోయింది.

ఆ మాటకొస్తే కదలని సైకిలు మనకేం కొత్త? సాన పట్టేవాడు అరుగు ముందు సైకిలుకి స్టాండు వేసి తొక్కుతుంటే కత్తుల మీంచి రవ్వలు లేవడం మనం చూడలేదూ? దొరలు మాత్రం దీన్ని వైద్యంగా మొదలుపెట్టారు. లండనులో ఫ్రాన్సిస్ లౌండ్స్ అనే ఆయన 1796లోనే కాళ్లూ చేతులూ ఆడించే 'జిమ్నాస్టికాన్' యంత్రానికి పేటెంటు పుచ్చుకున్నాడు. అప్పటికింకా సైకిలే పుట్టలేదు సుమండీ! దానికి తాతలాంటి రెండు చక్రాల బండిని జర్మనీలో కార్ల్ ఫాన్ డ్రైస్ నడిపింది 1817లో. 1912లో మునిగిపోయిన టైటానిక్ ఓడ వ్యాయామశాలలోనూ కదలని సైకిళ్లున్నాయి, ఎంత దూరం తొక్కారో చూపే పెద్ద డయలుతో సహా. నడిసముద్రంలో సైకిలు సవారీ అన్నమాట!

మరుసటేడు, 1913లో, డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఆగస్ట్ క్రోగ్ మనిషి పడే శ్రమని కొలవడానికి ఇలాంటి సైకిలే తయారుచేశాడు. 1920లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. భార్య మేరీ డాక్టరు. ఆవిడకి చక్కెర జబ్బు. ఆవిడ ప్రోద్బలంతోనే 1922లో టొరాంటో వెళ్లి, ఇన్సులిన్ తయారుచేసే అనుమతి తమ దేశానికి తెచ్చుకున్నాడు. చక్కెర జబ్బుకి సైకిలు తొక్కమని ఏ డాక్టరు చెప్పినా నాకా దంపతులే గుర్తొస్తారు.

ఇక మా వసారా సంగతి. మావాడు కాళ్లాపి, దిగి, తువ్వాలు కోసం అటు తిరిగాడు. చక్రం మాత్రం తిరుగుతూనే ఉంది. మా మరిది కూతురు, నాలుగేళ్లది, తళతళలాడే ఆ పుల్లల్లోకి వేలు చాచింది. నేను కొయ్యబారిపోయాను. వత్తుల పళ్లెం విసిరేసి పిల్లని లాక్కున్నది డెబ్బై ఎనిమిదేళ్ల అత్తగారు! చాలాసేపు ఆవిడ పిల్లని వదల్లేదు. చిన్నప్పుడు ఆవిడ తమ్ముడి చిటికెనవేలు సైకిలు చెయినులో పడి నలిగిపోయిందట. ఇన్నేళ్లు ఆ ఇంటి కోడలినై ఉండీ ఆ ముక్క నేను వినడం అదే మొదలు.

ఆ రాత్రి మావాడు నాకు అన్నీ విప్పి చెప్పాడు. ట్రైనరుకి బరువైన చక్రం ఒకటి ఉంటుంది. కాళ్లాపినా అది ఇంకా కాసేపు తిప్పుతుంది. కాబట్టి పూర్తిగా ఆగేదాకా దిగకూడదు, చేత్తో ఆపబోకూడదు. నున్నటి గచ్చు మీద చెమట పడితే స్టాండు జారుతుంది, కింద రబ్బరు చాప ఉండాలి. స్టాండు కాళ్లన్నీ నేలకి సమంగా ఆనాలి. ఇరుసు బిగించాక సైకిలుని ఊపి చూడాలి. నాలుగు గోడల మధ్య ఎదురుగాలి ఉండదు గనక ఫానూ, మంచినీళ్లూ దగ్గరుండాలి. ఇంటికోసమే చేసిన సైకిళ్లనీ గుడ్డిగా నమ్మలేం. సీటు కడ్డీ విరిగే ప్రమాదం ఉందని 2023లో అమెరికాలో పెలొటన్ కంపెనీ దాదాపు 22 లక్షల సైకిళ్లకి కడ్డీలు మార్చుకోమంది.

మన ఆడవాళ్లకి ఇంకోటి ఉంది. కొంగు, చున్నీ, జడ! చీర చిక్కుకోకుండా మన సైకిళ్ల వెనక చక్రానికి జాలీ బిగించేవారు. ఇప్పటి పందెం సైకిళ్లకి అదీ ఉండదు. కొంగు బిగించి దోపుకోవడం, జడ ముడేసుకోవడం మన పనే.

మర్నాడు వాడు పెరటిగదిలో చాప పరిచి, అన్నీ బిగించి, "మామ్మా, ఎక్కనా?" అన్నాడు.

ఆవిడ సైకిలుని రెండు చేతులా ఊపి చూసి, గుమ్మంలో పీట వేసుక్కూర్చున్నారు.

"ఎక్కు. నువ్వు గుమ్మం దాటి బయటికెళ్లకపోయినా ఫరవాలేదు. ఏ పిల్లా గుమ్మం దాటి లోపలికి రాకుండా నేను చూస్తాను."