ఋషికుల్య ఒడ్డున తాబేళ్ల కాపలా

గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ రోజున అది ఒడిశాలో కలిసింది కానీ, తీరంలో చేపల వేటకు పోయే నోలియాల ఇంటి మాట మాత్రం తెలుగుగానే మిగిలింది. గోపాల్‌పూర్ నుంచి ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటు దాకా ఒడియావాళ్లూ వీళ్లూ కలిసి బతికే పల్లెలున్నాయి. చాలా ఏళ్లలో లక్షల ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక ఈ పల్లెల ముంగిట్లోనే ఉంది.

తాబేలును విష్ణువు అవతారంగా కొలిచే తీరం ఇది. ఇదే ఒడ్డున దక్షిణంగా శ్రీకాకుళం దగ్గర శ్రీకూర్మం గుడి ఉంది. అయినా భక్తి ఒక్కటే తాబేళ్లను కాపాడిందంటే నమ్మలేం. ఉత్తర ఒడిశాలోని గహిర్మఠలో 1970ల దాకా గుడ్లు ఏరుకోవడానికి సర్కారే లైసెన్సులిచ్చేది, పడవల కొద్దీ గుడ్లు తరలిపోయేవి. బతికున్న తాబేళ్లను రైళ్లలో కలకత్తా బజారుకు పంపేవాళ్లు. మొసళ్ల పని మీద వచ్చిన బస్టర్డ్ అనే శాస్త్రవేత్త 1974లో గహిర్మఠ సంగతి బయటి ప్రపంచానికి చెప్పాడు. ఆ తర్వాత లైసెన్సులు ఆగాయి, 1977లో రిడ్లేకు వన్యప్రాణి చట్టం కింద గట్టి రక్షణ దొరికింది.

ఋషికుల్య మాత్రం 1994 దాకా శాస్త్రవేత్తల లెక్కలోకి రాలేదు. ఆ ఏడాది బివాశ్ పాండవ్ అనే యువ పరిశోధకుడు అక్కడి సామూహిక గుడ్ల జాతర గురించి లోకానికి తెలిపాడు. పల్లెవాళ్లకు అది తరాలుగా తెలిసిన ముచ్చటే. పాండవ్ చేసిన అసలు మంచి పని వేరే ఉంది: తాబేళ్ల రెక్కలకు బిళ్లలు తగిలించే పనిలోకి అక్కడి కుర్రాళ్లనే తీసుకున్నాడు. ఒడిశాలో బిళ్ల వేసిన తాబేళ్లు తర్వాత శ్రీలంక వైపు కూడా దొరికాయి. ఆ పని నేర్చిన కుర్రాళ్లు తర్వాత సంఘాలు కట్టి ఒడ్డుకు కాపలాదారులయ్యారు.

కాపలా అంటే కర్ర పట్టుకుని నిలబడటం కాదు. ఆడ తాబేలు వెనక రెక్కలతో మూర లోతు గొయ్యి తీసి, సుమారు నూరు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ దాన్ని అదిమి వెళ్లిపోతుంది. మర్నాడు రాత్రి ఇంకో తాబేలు అదే చోట తవ్వితే మొదటి గుడ్లు బయటపడతాయి, కుక్కలూ కాకులూ కాచుకునే ఉంటాయి. ఏడెనిమిది వారాలకు పిల్లలు బయటికొస్తాయి. వెలుగున్న వైపే సముద్రమనుకోవడం వాటి స్వభావం. ఫ్యాక్టరీ దీపాలో, ఊరి దీపాలో మెరిస్తే అటే పాకి ఎండకు మాడిపోతాయి. అందుకే పల్లెవాళ్లు చేపల వలలనే ఒడ్డు పొడుగునా అడ్డం కట్టి, ఆగిన పిల్లల్ని బకెట్లలో ఎత్తి నీళ్లలో వదులుతారు.

ఒడ్డు మీది పని ఇలా కుదిరింది కానీ, కడలిలోది కుదరలేదు. ట్రాలర్ల వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చిన తాబేళ్లు ఏటా వేలల్లో ఒడ్డుకు కొట్టుకొస్తూనే ఉన్నాయి, మన శ్రీకాకుళం, విశాఖ తీరాల్లోనూ కనిపిస్తాయి. తాబేలు తప్పించుకునే పరికరం లేని వలలతో పట్టిన రొయ్యల్ని కొనబోమని అమెరికా 1996లో పట్టుబట్టింది. మనదేశం మరో మూడు దేశాలతో కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కి 1998లో కేసు గెలిచింది. గెలిచింది రొయ్యల వ్యాపారం, తాబేలు కాదు. 2019లో అమెరికా మళ్లీ అదే కారణంతో మన సముద్రపు రొయ్యలకు తలుపు మూసింది.

ఒడిశాలో నవంబరు 1 నుంచి మే 31 దాకా గుడ్లు పెట్టే తీరాల దగ్గర 20 కిలోమీటర్ల లోపు వేట నిషేధం. పెద్ద బోట్లు దూరంగా పోయి బతుకుతాయి, చిన్న ఇంజిన్ పడవవాడికి ఆ దారి లేదు. గహిర్మఠ 1997లోనే సముద్ర అభయారణ్యమైంది. ఋషికుల్యకు ఆ హోదా లేదు. 2025 ఫిబ్రవరిలో ఇక్కడ దాదాపు 7 లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టాయి. ఆ గుడ్లకు కాపలా కాసినవాళ్లలో వేట మానుకున్న ఈ పల్లెల జనమూ ఉన్నారు.