మరల వత్తుమను మాట

"కాశికి పోయినవాడును, కాటికి పోయినవాడును ఒక్కటే" యని మన పెద్దలు చెప్పుకొనెడివారు. దూరయాత్రకు బయలుదేరిన వృద్ధుడు మరల గడప త్రొక్కునన్న నమ్మకము ఆ కాలమున ఇంటివారికి తక్కువ. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే నెల 18వ తేదీన చెన్నపట్టణము విడిచి, హైదరాబాదు మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరిరి. పదునైదు నెలలకు పైబడిన యాత్ర యది. అట్టి యాత్రికుని గూర్చి "తిరిగి వచ్చునా?" యని నాడు కలతపడినవారు ఇంటివారు. నేడు అదే ప్రశ్నను మన ముదుసలి తల్లిదండ్రులను గూర్చి పరదేశపు ప్రభుత్వము అడుగుచున్నది. ఇంటివారు ప్రేమచే అడిగిన ప్రశ్నను ప్రభుత్వము అనుమానముచే అడుగుట ఎట్లు మొదలైనదో మేము ఈ ప్రసంగమున చెప్పదలచితిమి.

జనగామ జిల్లాలో తరిగొప్పుల యను గ్రామము కలదు. 2016వ సంవత్సరమున జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు అది మండల కేంద్రమైనది. వానను, చెరువును, బావిని నమ్ముకొని బ్రతుకు సీమ. ఇట్టి యూరిలో ఒక వృద్ధ దంపతులను ఊహించుకొందము. వారి కుమార్తె అమెరికాలో ఉన్నది, నెలలు నిండుచున్నవి. తొలికాన్పునకు ఆడుబిడ్డ పుట్టింటికి వచ్చుట మన ఆచారము. ఇప్పుడు పుట్టిల్లే బిడ్డ యొద్దకు పోవలసిన కాలము వచ్చినది. ఆ పోవుటకు రెండు పత్రములు కావలెను: ఒకటి పాసుపోర్టు, రెండవది వీసా.

నేడు మనము పెద్దబాటను రహదారి యనుచున్నాము. పూర్వము ఆ మాటకు, దారిన పోవుటకు అనుమతి నిచ్చు చీటి యనియు అర్థము ఉండెడిది. కాని దేశదేశమున ప్రతి ప్రయాణికుని చేతను పాసుపోర్టు ఉండవలెనను నియమము మొదటి ప్రపంచయుద్ధముతో బలపడినది. యుద్ధము ముగిసినను నియమము ముగియలేదు. 1920వ సంవత్సరమున మన దేశమున పాసుపోర్టు చట్టము వచ్చెను. ఆ యేడే అక్టోబరులో నానాజాతి సమితి ప్యారిసులో జరిపిన సమావేశము, అన్ని దేశముల పాసుపోర్టులును 32 పుటల పుస్తకముగ ఒకే తీరున ఉండవలెనని సూచించెను. వీసా యను మాటకు లాటిను భాషలో "చూడబడినది" యని మూలార్థము. నీ పత్రమును చూచితిమి, రావచ్చును అని చెప్పు ముద్ర యన్నమాట.

మన దేశము విడిచి పోవుట పౌరుని హక్కా, ప్రభుత్వపు దయయా యను వివాదము చాలకాలము తేలలేదు. 1967 ఏప్రిల్ 10వ తేదీన సుప్రీంకోర్టు, సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో, విదేశయాత్ర రాజ్యాంగము 21వ అధికరణములోని వ్యక్తిస్వేచ్ఛలో భాగమని తీర్పు చెప్పెను. ఐదుగురు న్యాయమూర్తులలో ముగ్గురి మతము అది. ఆ ధర్మాసనమునకు ప్రధాన న్యాయమూర్తి రాజమహేంద్రవరమున జన్మించిన కోకా సుబ్బారావుగారు. ఆ జూనులోనే పాసుపోర్టుల చట్టము వెలువడెను. ఇట్లు మన ఇంటి తలుపు తీసికొని బయలుదేరుట హక్కైనది. ఎదుటివాని ఇంటి తలుపు మాత్రము ఆ ఇంటివాని ఇష్టముననే ఉండిపోయెను.

ఆ యెదుటి ఇల్లు అమెరికా యైనచో, దాని తలుపు చాలకాలము మూసియే యుండెను. 1917 నాటి చట్టము భారతీయులు అచట స్థిరపడుటను నిషేధించెను. విద్యార్థులు పోగలిగిరి. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో బోస్టను చేరి, లోకమునకు గొప్ప ఔషధములను ప్రసాదించి, 1948లో న్యూయార్కున కన్నుమూసిరి. ఆ యిరువదియైదేండ్లలో వారు ఒక్కసారియైనను స్వదేశమునకు రాలేదు. సముద్రము దాటిన బిడ్డ జాబులలో మాత్రమే బ్రతికియుండు కాలమది. 1946లో ఏటికి 100 మంది భారతీయులకు ప్రవేశము లభించెను. 1965 అక్టోబరు 3వ తేదీన అధ్యక్షుడు జాన్సను చేవ్రాలు చేసిన చట్టముతో జాతినిబట్టి లెక్కించు పద్ధతి తొలగి, వైద్యులును, ఇంజనీరులును పోసాగిరి. 1990 నాటి చట్టము తరువాత కంప్యూటరు విద్య నేర్చిన యువకులు వెల్లువగా కదలిరి. బిడ్డలు పోయినచోటికి తల్లిదండ్రుల మనస్సు పోవుట సహజమే కదా!

ఇచట అసలు చిక్కు ఎదురగును. 1952 నాటి అమెరికా వలస చట్టములో ఒక నియమము కలదు. సందర్శకుడుగా రాదలచినవానిని, అతడు వేరుగ రుజువు చేసికొనువరకు, స్థిరపడుటకే వచ్చుచున్నవానిగ ఎంచవలెను. తన దేశమున విడువనుద్దేశము లేని నివాసము తనకు కలదని అతడే అధికారికి తృప్తి కలిగింపవలెను. న్యాయస్థానమున నేరము మోపినవాడు రుజువు చేయును. ఇచట రుజువు చేయు భారము అడుగువానిదే. కుమారుని జీతమెంత, అల్లుని ఇల్లెంత యను విషయములతో ఈ ప్రశ్న తీరదు. ఆహ్వానలేఖ తప్పనిసరి కాదని ఆ ప్రభుత్వమే చెప్పుచున్నది. తల్లిదండ్రులకు తమ యూరిలో ఏమి కలదన్నదే ప్రశ్న.

తరిగొప్పుల వృద్ధునికి తన యూరిలో ఏమి కలదు? ఇల్లు, బంధువులు, పట్టాదారు పాసుపుస్తకము. ఈ పాసుపుస్తకమునకు ఈ సీమలో గొప్ప చరిత్ర కలదు. నిజాము రాజ్యమున దేశముఖుల పెత్తనము క్రింద, దున్నిన భూమి దున్నినవానిది కాకపోయెను. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన సాగులోని భూమిని, పండించిన పంటను విడువనని నిలిచెను. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండునకు నేలకొరిగెను. ఈ రెండూళ్ళును నేటి జనగామ జిల్లాలోనివే. 1948లో హైదరాబాదు భారతదేశమున కలిసెను. 1949లో జాగీర్లు రద్దాయెను. 1950లో కౌలుదారుల చట్టము వచ్చెను. 1971 నాటి చట్టముతో పట్టాదారు పాసుపుస్తకము రైతు చేతికి వచ్చు ఏర్పాటు జరిగెను. తాతలు నేలకై పోరాడిరి. "ఈ నేలను విడిచి మేమెక్కడికి పోదుము?" అనుటకు నేడు మనుమలు ఆ పుస్తకమునే పట్టుకొని పోవుచున్నారు.

ఇక పత్రముల సంగతి. జనన మరణముల నమోదు చట్టము 1969 నాటిది. అంతకు ముందు పల్లెలో పుట్టినవారిలో అనేకులకు పుట్టినతేదీ పత్రము లేదు. ఫలానా కరువు నాడో, ఫలానా వరద నాడో పుట్టితినని తల్లి చెప్పిన మాటయే ఆధారము. 2016 డిసెంబరులో మన ప్రభుత్వము ఈ నియమమును సడలించి, ఆధారు కార్డు మొదలైనవానిని పుట్టినతేదీకి రుజువుగా అంగీకరించెను. 2017లో 60 ఏండ్లు దాటినవారికి పాసుపోర్టు రుసుములో పదవవంతు తగ్గించెను. పేరు మరియొక చిక్కు. మనకు ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక, వారికి తలక్రిందు. ఆధారులో పొడి అక్షరముగను, పాసుపోర్టులో పూర్తిగను ఉన్న ఇంటిపేరు ఒక మనిషిని ఇద్దరిని చేయును. వ్రేలిముద్రలు మూడవది. 2004 నుండి వీసా కోరువారి వ్రేలిముద్రలు తీయుచున్నారు. నాగలి, పార, కొడవలి పట్టి అరిగిన వ్రేళ్ళ ముద్ర యంత్రమునకు సులభముగ అందదు. జీవితమంతయు చేసిన కష్టమే అచట లోపముగ కనబడుట మాకు విచారము కలిగించును.

2008 అక్టోబరులో హైదరాబాదు బేగంపేటలోని పైగా ప్యాలెసున అమెరికా దౌత్యకార్యాలయము వెలసెను. అంతకు ముందు మన వృద్ధులు చెన్నపట్టణము పోవలసియుండెను. 2023 మార్చిలో అది నానక్‌రామ్‌గూడకు మారెను. అధికారిని చూడబోవుటకు ముందు చిలుకూరు బాలాజీని చూచి 11 ప్రదక్షిణములు చేయువారును, వీసా రాగానే 108 చేసి మ్రొక్కు తీర్చుకొనువారును కలరు. 2020 మార్చిలో కరోనా వ్యాధి వలన వీసా పనులు నిలిచిపోగా, క్రొత్తగా కోరువారికి ముఖాముఖి 2022 సెప్టెంబరులో గాని మరల మొదలు కాలేదు. అప్పుడు తేదీ దొరకుటకే రెండేండ్లకు మించి వేచియుండవలసి వచ్చెను. కడుపులోని శిశువు రెండేండ్లు ఆగునా? అమ్మమ్మ చేరునాటికి మనుమడు నడచి యెదురు వచ్చును. 79 ఏండ్లు దాటినవారికి ముఖాముఖి నుండి కలిగియున్న మినహాయింపు సైతము 2025 సెప్టెంబరు 2వ తేదీతో సామాన్యముగ తొలగిపోయెను.

ఇంత నిరీక్షణ తరువాత అధికారి యెదుట నిలుచునది కొద్ది నిమిషములే. ఎవరిని చూడబోవుచున్నారు, ఎన్నాళ్ళుందురు, ఇక్కడ ఏమి చేయుచున్నారు — ఇట్టివే ప్రశ్నలు. తెలుగుననే బదులు చెప్పవచ్చును. కుమార్తె కాన్పునకు తోడుండుటకే యని నిజము చెప్పుట మేలు. నేర్పిన మాటలు తడబడును. 2023 జూనులో 160 డాలర్ల నుండి 185 డాలర్లకు పెరిగిన రుసుము, వీసా నిరాకరించినను తిరిగి రాదు. వీసా వచ్చినను, ఎన్నినాళ్ళుండవచ్చునో విమానము దిగినచోట అధికారి నిర్ణయించును; సాధారణముగ ఆరు నెలలు.

ఇతర దేశములు మరియొక దారి త్రొక్కినవి. కెనడా 2011 డిసెంబరులో తల్లిదండ్రులకును, తాతామామ్మలకును ప్రత్యేక వీసా నేర్పరచి, 2022 జూలై నుండి ఒక్కసారికి ఐదేండ్ల వరకు ఉండనిచ్చినది. ఆస్ట్రేలియా 2019లో మూడేండ్లకు, ఐదేండ్లకు వీసా లిచ్చు పద్ధతి పెట్టినది. అచట బిడ్డల పూచీకి విలువ కలదు. వృద్ధులు బిడ్డను చూడగోరుట కుటుంబధర్మమని గుర్తించిన చట్టములివి.

దేశమునకు తన తలుపు కాచుకొను హక్కు కలదు. దానిని మేము కాదనము. కాని అనుమానించు చట్టము ఒక్క సంగతి మరచినది. అమెరికా పౌరుడైన బిడ్డ తన తల్లిదండ్రులను శాశ్వతముగ రప్పించుకొనుటకు 1965 చట్టమే దారి చూపెను. ఆ దారి తెరచియున్నను, ఆరునెలలు గడువకముందే మంచు చూచి, మాటలాడువారు లేక, ఇంటి ముంగిటి వేపచెట్టును తలచుకొని తిరుగు టిక్కెట్టును వెదకువారు మనవారిలో ఎందరో కలరు. తరిగొప్పుల ముదుసలి అధికారితో "మరల వత్తుము" అనునప్పుడు, ఆమె మనస్సున ఉండునది చట్టము కాదు. వానకాలమునకు ముందు దున్నింపవలసిన చేను, పొరుగింట అప్పగించి వచ్చిన బఱ్ఱె. ఆ మాటను నమ్మదగిన మాటగ విను చెవి దొరకవలెనని మా కోరిక.